డోలీలు మోసిన కొండ మీదికి

మలేషియాలోని పినాంగ్ కొండ ఎక్కడానికి ఈ రోజుల్లో చెమట చిందించనక్కర్లేదు. కింద ఆయర్ ఇతాంలో రైలెక్కితే పది నిమిషాల్లోపే పైన దింపేస్తుంది. అయినా తెల్లవారుతూనే గేర్ల సైకిళ్లతో జలాశయం గట్టుకు చేరేవాళ్లు ఈ దీవిలో ఉన్నారు. వాళ్ల వెంట ఒక రోజు నేనూ తొక్కాను. కొండ ఎంత ఎత్తో, ఆ ఎత్తుకు ఏదైనా చేర్చడమంటే ఏమిటో ఆ రోజు నా ఒంటికి తెలిసింది.

ఆయర్ ఇతాం జలాశయం 1962 నాటిది. ఏడంతస్తుల గోపురం ఉన్న కెక్ లోక్ సీ బౌద్ధాలయాన్ని దాటి, మెలికల రోడ్డు మీద పైకి వస్తే చుట్టూ అడవి, నడుమ నిండు నీళ్లు. నగరానికి తాగునీరిచ్చే ఈ జలాశయం సముద్ర మట్టానికి సుమారు 230 మీటర్ల ఎత్తున ఉంది. కొండ కొన 833 మీటర్లు. అంటే గట్టు మీంచి ఇంకో ఆరువందల మీటర్లు ఎక్కాలి. అలిపిరి మెట్లెక్కి తిరుమల చేరినవాళ్లకు ఈ ఎత్తు ఊహకు అందుతుంది. కాకపోతే మెట్టు మీద నిలబడి ఊపిరి తీసుకోవచ్చు. ఇక్కడ పెడల్ ఆగితే సైకిల్ వెనక్కి జారుతుంది.

నాతో వచ్చిన మిత్రుడు పక్క రాష్ట్రమైన పెరాక్‌లో పుట్టిన తెలుగువాడు. బాగాన్ దాతో కొబ్బరి తోటల్లో పనికి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం వాళ్లది. ఇంట్లో ఇప్పటికీ తెలుగే. నేను మొదటి మలుపులోనే పోటీకి వెళ్లినట్టు తొక్కుతుంటే, "తొందరొద్దన్నయ్యా, చిన్న గేరులోనే లాగించు. కొండెక్కడికీ పోదు" అన్నాడు. నిటారు చోట సీటు ముందు అంచుకు జరిగి, ఛాతీని హ్యాండిల్ మీదికి వంచాలి. వెనక్కి వాలితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. పోనీ లేచి నిలబడి తొక్కుదామా అంటే, నాచు పట్టిన కాంక్రీటు మీద వెనక చక్రం పట్టు తప్పుతుంది. ఈ రెంటి మధ్యా ఒంటిని నిలుపుకోవడమే కొండ సైకిలు విద్యంతా.

మేం ఎక్కిన దారి సైకిళ్ల కోసం వేసింది కాదు, రైతులది. టైగర్ హిల్ వైపు వెళ్లే ఈ వాలుల్లో కూరగాయల మళ్లున్నాయి, దురియన్ తోటలున్నాయి. రెండు మోటారు సైకిళ్లు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత సన్నటి కాంక్రీటు బాట అది. మేం రొప్పుతూ ఆగిన చోట ఒక పెద్దాయన, వెనక రెండు వైపులా ఆకుకూరల బుట్టలు కట్టుకుని, మోటారు సైకిలు మీద నింపాదిగా కిందికి దిగిపోయాడు. మాకు ఆదివారపు సరదా అయిన బాట ఆయనకు బతుకుతెరువు. ఆ కాస్త కాంక్రీటు లేకపోతే ఆ బుట్టలు ఆయన భుజాల మీదే దిగాలి.

ఈ కొండ చరిత్రంతా భుజాల చరిత్రే. 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈ దీవిలో ఈస్టిండియా కంపెనీ జెండా పాతిన కొద్ది కాలానికే కొండ మీదికి బాట పడింది. కింద ఎండ, జ్వరాలు. పైన చల్లగాలి. పట్నం కంటే అక్కడ సుమారు అయిదు డిగ్రీలు చల్లన. దొరలు పైన బంగళాలు కట్టుకున్నారు, కానీ నడవలేదు. గుర్రాల మీద వెళ్లేవారు కొందరు, డోలీల్లో వెళ్లేవారు కొందరు. 1906లో పూర్తయిన మొదటి రైలు సరిగా నడవక మూలపడింది. 1923లో రెండో రైలు మొదలయ్యేదాకా మనుషులే మనుషులను మోశారు. ఆ మోసినవాళ్లలో మన దేశం నుంచి వెళ్లినవాళ్లున్నారు. పినాంగ్ రోడ్లు వేసినవాళ్లలో భారతదేశం నుంచి ఓడల్లో పంపిన ఖైదీలున్నారు.

పైకి చేరేసరికి మబ్బు కొండను పట్టుకుని ఉంది. చెట్టంత ఫెర్న్‌లు, కీటకాలను పట్టి తినే కూజా మొక్కలు కనిపించే అడవి అది. 2021లో యునెస్కో దీన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. శిఖరం దగ్గర అరుళొళి తిరుమురుగన్ గుడి ఉంది. డోలీలు మోసినవాళ్లూ, సిపాయిలూ కొలుచుకున్న చిన్న గుడే ఇలా పెరిగిందని చెబుతారు. మసీదూ ఆ పక్కనే. గుడి మెట్ల మీద కూర్చుంటే నా తొడలు ఇంకా వణుకుతున్నాయి. నేను మోసింది నన్నూ, ఒక సైకిలునీ మాత్రమే. భుజం మీద బొంగు, బొంగుకు వేలాడే ఇంకో మనిషి, కాళ్ల కింద వాన నీళ్లలో నానిన మట్టి ఉంటే ఎలా ఉంటుందో అప్పుడు ఊహించగలిగాను. దొరల బంగళాలకు పేర్లు మిగిలాయి. మోసినవాళ్లకు మిగిలింది ఈ గుడి.

దిగేటప్పుడు బొటానిక్ గార్డెన్స్ వైపు జీపు రోడ్డు పట్టాం. అయిదు కిలోమీటర్లు, ఎక్కువ భాగం నిలువు వాలు. బ్రేకులు పట్టేస్తే వేడెక్కుతాయి, వదిలేస్తే సైకిలు చేతిలో ఉండదు. పట్టి వదులుతూ, పట్టి వదులుతూ 1884 నాటి ఆ తోట గేటు దగ్గర తేలాం. అక్కడ తాగిన తెహ్ తారిక్ టీ రుచి ఏ రైలు ప్రయాణికుడికీ తెలియదు.

దారి పొడవునా నా మనసు మాత్రం మన మన్యంలోనే ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో రోడ్డు లేని గూడేల నుంచి పురిటి నొప్పులు పడుతున్న ఆడవాళ్లను ఇవాళ్టికీ డోలీ కట్టి మోసుకొస్తున్నారు. పినాంగ్‌లో డోలీ వందేళ్ల కిందటే పాత ముచ్చటైపోయింది. మన దగ్గర అది వార్తాపత్రికలో నిన్నటి ఫొటో. కొండ మీద ప్రతి గూడేనికీ కార్లు తిరిగే వెడల్పాటి రోడ్డు పడేదాకా ఆగనక్కర్లేదు. ఆకుకూరల బుట్టలను దించగలిగినంత సన్నటి కాంక్రీటు బాట చాలు, మోటారు సైకిల్ అంబులెన్సు ఒకటి దాని మీద నడవగలదు. కొండల్లో తొక్కే సరదా ఉన్న మనలాంటివాళ్లు అలాంటి బాటల కోసం అడగాలి, అడుగుతూనే ఉండాలి. ఒక కొండనైనా సొంత కాళ్లతో ఎక్కినవాళ్లకు అలా అడగాల్సిన అవసరం వేరేగా చెప్పక్కర్లేదు.