అమ్మ మంచం పైన 20 కిలోలు

మీరు కూడా జీఎస్-3లో డిజాస్టర్ మేనేజ్‌మెంట్ చదివే ఉంటారు. 2005 చట్టం, ఎన్‌డీఎంఏ నిర్మాణం, భూకంప జోన్లు అన్నీ నోట్సులో ఉంటాయి. నా నోట్సులోనూ ఉన్నాయి. బరువైన అద్దాలు, పటాలు పడుకునే చోట, కూర్చునే చోట గోడకు వేలాడదీయొద్దన్న ఎన్‌డీఎంఏ సూచనను ఎర్ర పెన్నుతో రాసుకున్నాను కూడా. అది రాసుకున్న గదికి పక్క గదిలోనే, అమ్మ మంచం తలవైపు గోడకు, నాలుగడుగుల అద్దం వేలాడుతోంది. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయన్న సంగతి నాకు తట్టలేదు.

మాది హనుమకొండ. అమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. నా కోచింగ్ ఫీజు ఆ మిషన్ మీంచే వచ్చింది. కుట్టించుకునేవాళ్లు వేసుకుని చూసుకోవడానికి ఆ అద్దం కావాలి. 2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో భూకంపం వచ్చింది, 5.3. (పత్రికలు దాన్ని తీవ్రత అని రాశాయి. మనం మాత్రం మాగ్నిట్యూడ్ అనే రాయాలి. తీవ్రత ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది.) మా అద్దం గోడకు టకటకా కొట్టుకుంది. పడలేదు. అప్పటికి అమ్మ లేచి వాకిలి ఊడుస్తోంది.

ఆ సాయంత్రమే దించాను. మేకు చేతికే ఊడొచ్చింది. అది ఇటుకలోకి పోనేలేదు, ప్లాస్టర్‌లోనే ఉంది.

"ఇన్నేండ్లు ఏం కాలే, ఇప్పుడేమైతదిరా?" అంది అమ్మ.

కాగితం తీసి లెక్క వేశాను. చదరపు మీటరు అద్దం మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు తూగుతుంది. మాది నాలుగడుగులు, మూడడుగులు, 5 మిల్లీమీటర్ల మందం. అంటే దాదాపు 14 కిలోలు. టేకు ఫ్రేముతో కలిపి 20. అసలు మోసం తీగలో ఉంది. ఒకే మేకుకు తీగ వేసి బిగుతుగా లాగితే, అది అడ్డంగా ఉన్నకొద్దీ దానిమీద లాగుడు పెరుగుతుంది. మా తీగ 15 డిగ్రీల వాలులో ఉంది. బరువును రెండు సైన్ 15తో భాగించండి, దాదాపు 39 కిలోలు వస్తుంది. ఫ్రేము కొక్కేలు ఒక్కోటీ మోస్తున్నది అది. ఒక మూల అతుకు అప్పటికే విచ్చుకుంది. ఇంటర్‌లో ఈ లెక్కకు నాకు పూర్తి మార్కులు పడ్డాయి లెండి.

మా వీధిలో ఉండే మేస్త్రీ మామను పిలిచాను. తీగ తీసేసి ఫ్రేము నిలువు కర్రలకు రెండు ఇనుప రింగులు బిగించాం. ఒక్కో రింగుకు ఒక్కో స్క్రూ, ఒక్కోదానికి 10 కిలోలు. రంధ్రం దగ్గర మామ నేర్పింది ఏ పుస్తకంలోనూ చదవలేదు. డ్రిల్ బిట్ నుంచి రాలే పొడిని చూడమన్నాడు. మొదట బూడిదరంగు వస్తుంది, అది ప్లాస్టర్. తర్వాత ఎర్రపొడి వస్తే ఇటుక దొరికినట్టు. బూడిదరంగే వస్తూ ఉంటే ఇటుకల మధ్య సిమెంటు అతుకులో పడ్డట్టు, చోటు మార్చాలి. మొదటిది మాకు అలాగే పడింది, మార్చాం. 8 మిల్లీమీటర్ల బిట్, 70 మిల్లీమీటర్ల లోతు (బిట్ మీద టేపు చుట్టి గుర్తు పెట్టుకున్నాం), సైకిల్ పంపుతో పొడి ఊది, ప్లగ్ ప్లాస్టర్ దాటి ఇటుకలో కూర్చునేదాకా కొట్టి, మూడంగుళాల స్క్రూ. రసమట్టం పెట్టి రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూశాడు. ఫ్రేము కింద ఒక చెక్కపట్టీ కూడా బిగించాడు, బరువులో కొంత అది మోస్తుంది.

మీది తేలిక బ్లాకులతో కట్టిన కొత్త ఫ్లాట్ అయితే ఈ మామూలు ప్లగ్ పట్టదు. ఆ బ్లాకులకని విడిగా అమ్మే పొడుగు ప్లగ్గులు అడగండి, డ్రిల్‌లో హామర్ ఆపేయండి. ఏ గోడైనా సరే స్విచ్ బోర్డుకు నిలువుగా పైనా కిందా రంధ్రం వేయొద్దు, లోపల వైర్లు అలాగే పోతాయి. అద్దం వెనక అంటించే ఫిల్మ్ దొరికితే వేయించండి. పగిలినా ముక్కలు చాలావరకు దానికే అతుక్కుని ఉంటాయి. ఎత్తేటప్పుడు ఇద్దరుండాలి, కాళ్లకు చెప్పులుండాలి.

చోటు మాత్రం ముందే మార్చాం. ఇప్పుడది మిషన్ పక్క గోడకు ఉంది, కింద ఎవరూ పడుకోరు. మంచం పైన మిగిలిన చిల్లు మీద ఇండియా మ్యాప్ అంటించాను.

రెండో రోజుకే అమ్మ కుట్టిన బ్లౌజులు హ్యాంగర్లతో సహా ఫ్రేము మూలకు తగిలించింది. తీయమన్నాను. "నీ లెక్కల ఇవి ఎన్ని కిలోలైతయి?" అంది. ఇంకా తీయలేదు.