చిన్నమ్మ ఇంట్లో మిగిలిన విత్తనం

మా పెరటి టమాటా సంత టమాటాలా నున్నగా ఉండదు. చిన్న గుమ్మడికాయలా చుట్టూ గాడులుంటాయి. తోలు పలచన, పులుపు ఎక్కువ. చేపల పులుసులో వేస్తే చింతపండు అక్కర్లేదు. సంతకు తీసుకెళ్తే గంపలోనే పగిలిపోతుంది. అందుకే దాన్ని ఎప్పుడూ అమ్మలేదు. తిన్నాం, విత్తనం పెట్టుకున్నాం.

టమాటా పుట్టిల్లు మన అడవి కాదు. దక్షిణ అమెరికా నుంచి సముద్రం దాటి వచ్చిన పంట. అయినా అమ్మమ్మ చేతి నుంచి అమ్మ చేతికి, అమ్మ నుంచి మాకు వచ్చిన గింజ కాబట్టి మాదే అంటాం.

శబరి గోదావరిలో కలిసే కూనవరం వైపు మా ఊరు. 2022 జూలైలో గోదావరి వచ్చింది. భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. శబరి వెనక్కి తన్ని ఊళ్లోకి వచ్చింది. పిల్లల్ని, మేకల్ని, బియ్యం మూటని పట్టుకుని గుట్ట ఎక్కాం. పొయ్యి పైన దూలానికి వేలాడే సొరబుర్ర ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్లు తీశాక ఇంటి నిండా బురద. బుర్ర లేదు, అందులోని విత్తనమూ లేదు.

ఆ చలికాలం సంతలో హైబ్రిడ్ ప్యాకెట్ కొన్నాం. కాపు బాగానే వచ్చింది, అబద్ధం చెప్పకూడదు. దాని గింజలే దాచి మరుసటి ఏడు నారు పోశాం. ఒక మొక్కకు గుండ్రటి కాయ, ఇంకో మొక్కకు పొడుగు కాయ, మరోదానికి అసలు కాపే లేదు. సంకర విత్తనం రెండో తరంలో గుణాలు విడిపోతాయని బడిలో బోర్డు మీద రాసి చెప్పేది మేమే. ఇంటికొచ్చి మర్చిపోయిందీ మేమే. నాటు టమాటా అలా కాదు. ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది, అందుకే తల్లిలాంటి బిడ్డే పుడుతుంది.

అప్పుడు అమ్మ చింతూరు అవతల కొండ మీద ఉండే చిన్నమ్మ ఊరికి వెళ్లింది. కొంగు ముడిలో చిటికెడు గింజలతో తిరిగొచ్చింది. వరదకు ముందెప్పుడో తనే చిన్నమ్మకు ఇచ్చిన విత్తనం అది. చిన్నమ్మ ఏటా వేస్తూనే ఉంది.

"మనం దాచింది ఏరు పట్టుకుపోయింది. పంచిందే మిగిలింది" అంది అమ్మ.

ఇప్పుడు మేం ఇలా చేస్తున్నాం. బాగా కాసి, తెగులు లేని మొక్కకు గుడ్డపీలిక కడతాం. కాయ చెట్టు మీదే మెత్తగా పండాక కోస్తాం. గింజల్ని జిగురుతో సహా గిన్నెలో కొంచెం నీళ్లు పోసి రెండు మూడు రోజులు ఉంచుతాం. జిగురు పులిసి విడిపోతుంది. తాలు గింజలు తేలతాయి, గట్టివి అడుగున దిగుతాయి. కడిగి, నీడన ఆరబెట్టి, బూడిద కలిపి దాస్తాం. తేమ తగలకపోతే నాలుగేళ్ల దాకా మొలుస్తాయి. నారు పోసిన 25 రోజులకు పెరట్లో నాటుతాం.

దాచిన విత్తనాన్ని మూడు పాళ్లు చేస్తాం. ఒకటి ఇంటికి, ఒకటి చిన్నమ్మకి, ఒకటి బడికి. సెలవులకు ఇళ్లకు పోయే పిల్లలకు పదేసి గింజలు కాగితంలో మడిచి ఇస్తాం. ఒప్పందం ఒక్కటే, మొలిస్తే మళ్లీ పది తేవాలి. అందరూ తేరు. తెచ్చే నలుగురైదుగురి వల్ల విత్తనం ఇప్పుడు కొత్త ఊళ్లలో కూడా ఉంది. రైతు తన విత్తనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు అని 2001 నాటి రైతుల హక్కుల చట్టం చెబుతోంది. ఆ మాట మన విత్తనాల పండుగ ఎప్పుడో చెప్పింది.

మా ఊరు పోలవరం ముంపులో ఉంది. రేపు ఏ కాలనీకి పోతామో, అక్కడ పెరడు ఎంత ఉంటుందో తెలియదు. గుమ్మం పక్కన పాత డబ్బాలో మట్టి పోసినా ఈ మొక్క కాస్తుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తోటి టీచర్లూ! ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు మీ దూలానికి ఏం వేలాడుతోందో చూడండి. అందులో సగం తీసి వేరే ఊళ్లో ఉన్న చుట్టానికి ఇవ్వండి.