కూజా మొక్కకు చలికాలం



మా అక్క కూతురు అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటుంది. నవంబరులో ఒక రాత్రి ఫోను చేసి, "మామయ్యా, ఇవాళ నా మొక్కల్ని కప్పి పడుకోబెడుతున్నాను" అంది. అవి కూజా మొక్కలు. పురుగుల్ని తినే మొక్కలని మనం చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో బొమ్మ చూశాం కదా, ఆ జాతివే. మన దేశంలో మేఘాలయ కొండల్లో ఉండే కూజా మొక్క వేరు, దానికి గడ్డకట్టే చలి పడదు. ఈమె పెంచేది సరాసీనియా పర్‌ప్యూరియా. అది ఆ చలిదేశపు బురద నేలల్లోనే పుట్టిన మొక్క.

మొదటిది కొన్నప్పుడు ఆమె మనలాగే ఆలోచించింది. బయట మంచు పడుతోంది, పాపం చచ్చిపోతుందని వంటింటి కిటికీలో, హీటరు పక్కన పెట్టింది. చలికాలమంతా పచ్చగానే ఉంది. వేసవి వచ్చాక కొత్త ఆకులు సన్నగా, బలం లేకుండా వచ్చాయి. తర్వాత మొదలు కుళ్ళిపోయింది. అడిగి తెలుసుకుంటే, ఈ మొక్కకు ఏటా మూడు నాలుగు నెలలు చల్లని నిద్ర ఉండాలట. పొద్దు తగ్గి చలి పెరిగితే అది ఎదుగుదల ఆపేస్తుంది. ఆ విశ్రాంతి దొరక్కపోతే క్రమంగా నీరసించి పోతుంది.

ఇప్పుడు పెరట్లో గొయ్యి తీసి, అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచి, పీట్ మట్టీ ఇసుకా కలిపి నింపి అందులో నాటింది. ఎరువు వేయదు. కుళాయి నీళ్ళలో ఉప్పులుంటాయని వాన నీళ్ళే పోస్తుంది. కుండీలో అయితే నాలుగు వైపుల నుంచీ చలి వేరుకు తగులుతుంది, నేలలో అంత తగలదు. నవంబరులో పైన్ చెట్ల ఎండుటాకులు మందంగా కప్పుతుంది. దానిమీద మంచు పడితే ఇంకా మంచిదట, మంచే దుప్పటి. ఎండిన చలిగాలే ఎక్కువ ప్రమాదం.

ఒక్క మాట విని నేను ఆశ్చర్యపోయాను. ఆ కూజాల్లో నిలిచిన నీళ్ళు గడ్డకట్టిపోతాయి. వాటిలో బతికే ఒక రకం దోమ పిల్లలు ఆ మంచుగడ్డలోనే చలికాలం గడిపి, వసంతంలో కరిగాక మళ్ళీ కదులుతాయి. దోమను కూడా కాపాడే దేవుడు! (మా ఊరి దోమల విషయంలో మాత్రం ఈ స్తుతి నాకు కష్టమే.)

"మరి మధ్యలో తీసి చూడవా, బతికుందో లేదో?" అని అడిగాను.

"తీయకూడదు మామయ్యా. ఏప్రిల్ దాకా దాని మానాన దాన్ని వదిలేయడమే."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా సంఘంలో ఒక తల్లి కొడుకు ఆగస్టులో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. నెల తిరక్కుండానే నేను, "ఆదివారం సాక్ష్యం చెప్పమ్మా, సంఘానికి ఆదరణగా ఉంటుంది" అన్నాను. ఆమె మైకు పట్టుకుని నిలబడింది. ఒక్క మాటా రాలేదు. కూర్చుండిపోయింది. ఆ తర్వాత మందిరానికి రావడం మానేసింది. నేను ఊరుకోలేదు. ఆరాధనకు రాని వాళ్ళ మీద ఒక ప్రసంగం చేశాను, ఆమె పొరుగువాళ్ళు వింటుండగానే. అది ఆమె చెవిన పడకుండా ఉంటుందా?

తెల్లవారుజామున 1 రాజులు 19 తెరిచాను. ఎన్నోసార్లు ప్రసంగించిన భాగమే. బదరీవృక్షం కింద చావు కోరుకుని పడుకున్న ఏలీయాను దూత గద్దించలేదు. రొట్టె, నీళ్ళు పెట్టాడు. ఏలీయా తిని మళ్ళీ పడుకున్నాడు, దూత పడుకోనిచ్చాడు. ఆ రెండో నిద్ర మీద నేను ఇంతవరకు ఒక్క ప్రసంగమూ చేయలేదు.

మంగళవారం ఆమె ఇంటికి వెళ్ళాను, బైబిలు సంచి లేకుండా. "అమ్మా, ఆ రోజు నిన్ను నిలబెట్టడం, ఆ తర్వాత అలా ప్రసంగించడం నా తప్పు, క్షమించు" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి టీ తెచ్చింది. అరుగు మీద కూర్చుని తాగాను. గేదె ఈనిన సంగతి చెప్పింది, దూడ బలహీనంగా ఉందంది. ప్రార్థన చేయనా అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. లేచేటప్పుడు, "వచ్చే మంగళవారం జున్ను మిగిలితే ఉంచుతాను అయ్యగారూ" అంది.