రెండు టైర్ల కోసం వెళ్ళి...

మా అత్తవారిది లంక. లంక అంటే రావణాసురుడి లంక కాదండోయ్! పి.గన్నవరం అవతల, వైనతేయపాయ ఒడ్డున, కొబ్బరిచెట్ల మధ్య దాక్కున్న చిన్న ఊరు. నీళ్ళు తక్కువగా ఉన్న రోజుల్లో కాజ్‌వే మీదుగా కారు గుమ్మం దాకా వెళుతుంది. గోదారి పెరిగితే కాజ్‌వే మునుగుతుంది, పడవ తప్ప దారి లేదు. ఆ రెంటికీ మధ్య మూడో కాలం ఒకటుంది. కాజ్‌వే తేలే ఉంటుంది గాని, దాని దాకా పోయే ఏటిగట్టు దారి వెన్నముద్దలా జారుతూ ఉంటుంది. ఈ కథంతా ఆ మూడో కాలానిది.

కిందటి శ్రావణంలో ఒక రాత్రి మా అత్తయ్యగారికి ఆయాసం వచ్చింది. అదృష్టవశాత్తూ మేమక్కడే ఉన్నాం. ఆవిణ్ణి వెనకసీట్లో కూర్చోబెట్టి అమలాపురం బయలుదేరాను. నా బండి పాతదే అయినా నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే డస్టరు. నేలకీ బండి అడుగుకీ మధ్య 210 మిల్లీమీటర్ల ఎడం. దాన్ని చూసుకునే నా ధైర్యమంతా! గట్టెక్కిన రెండు ఫర్లాంగుల్లో బండి ముందుభాగం నా మాట వినడం మానేసింది. స్టీరింగు ఎడమకి తిప్పితే బండి కుడికి, ఏటివైపు వాలుకి మెల్లగా జారిపోతోంది. బ్రేకు తొక్కాను. ఇంకాస్త నున్నగా జారింది. చివరికి ఒక తాడిచెట్టు పుణ్యమా అని ఆగింది.

ఊళ్ళోంచి ట్రాక్టరు వచ్చి లాగేసరికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా చీకట్లో, వానలో, వెనకసీట్లోంచి వచ్చే ఊపిరి చప్పుడు వింటూ కూర్చున్నాను. అత్తయ్యగారు గండం గడిచి వారానికి ఇంటికొచ్చారు. కాని ఆ చప్పుడు నన్ను వదల్లేదు.

తెల్లారాక టైర్లు చూసుకుంటే ముందువి రెండూ బోడిగుండులా ఉన్నాయి. తప్పు గట్టుదీ కాదు, బండిదీ కాదు, నాదే.

మా గోదావరి డెల్టా దారుల సంగతి కొంచెం చెప్పాలి. కాటన్‌దొర 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేయించాడు. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజి 1982లో వచ్చింది. ఆనకట్టతో కాలువలొచ్చాయి. కాలువ తవ్విన మట్టి గట్టయింది, ఆ గట్టే ఎన్నో ఊళ్ళకు దారయింది. ఇక వరద ఊళ్ళ మీద పడకుండా నది వెంట పోసినవి ఏటిగట్లు. వీటి మీద తారు ఉన్నంతసేపూ ఫరవాలేదు. తారు అయిపోయి పుంత మొదలైతే నేల గుణం బయటపడుతుంది. ఒకచోట ఎర్రగ్రావెలు, ఒకచోట జిగట ఒండ్రు, నదిలోకి దిగితే ఇసుక. పది కిలోమీటర్లలో మూడు దేశాలు తిరిగినట్టే!

"బావగారూ, ఈసారి మంచి టైర్లు వేయిద్దాం," అన్నాడు మా బావమరిది. సరేనని ఒక ఆదివారం ఇద్దరం రాజమండ్రి బయలుదేరాం. రావులపాలెం దాటి, జొన్నాడ దగ్గర గౌతమిని దాటి, కడియం నర్సరీల పూలు చూసుకుంటూ మోరంపూడి చేరాం. ముందుచక్రాలకు రెండు టైర్లు కొందామని నా లెక్క. ఆకాశమంత ఎత్తు టైర్లు కొనిపించి, బండి ఫోటో తీసుకోవాలని మా వాడి లెక్క.

దుకాణంలో పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి. మేం చెప్పిందంతా విని, ధర చెప్పకుండా ఒక ప్రశ్న వేశాడు. "నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారండీ? అందులో తారెంత, మట్టెంత?"

లెక్క వేసి చూస్తే పదింట ఎనిమిది వంతులు తారు. మిగతా రెండు వంతుల్లో పుంత, గట్టు, ఎప్పుడైనా మారేడుమిల్లి వైపు కంకరదారి.

"అయితే పూర్తి బురదటైర్లు మీకెందుకండి? అవి తారు మీద హోరెత్తిస్తాయి, తొందరగా అరుగుతాయి, వానలో తారు మీద పట్టూ తక్కువే. మామూలు రోడ్డు టైర్లు మీ గట్టు మీద పనిచెయ్యవు. మీక్కావలసింది మధ్యరకం, ఆల్‌టెర్రైన్. ఆయ్!" అని రెండు టైర్లు పక్కపక్కన నిలబెట్టాడు. రోడ్డు టైరు మీద సన్నని గీతలు. రెండోదాని మీద చాక్లెట్టు బిళ్ళల్లాంటి దిమ్మలు, వాటి మధ్య వెడల్పాటి గాళ్ళు. బురదా రాళ్ళూ ఆ గాళ్ళలోంచి బయటికి తోసుకుపోవాలి. దిమ్మల అంచులు నేలను కరుచుకోవాలి. అదీ దాని పని.

మా వాడు ఊరుకోలేదు. బండికి ఉండవలసిన కొలత 215/65 ఆర్ 16 అయితే, 235/70 వేయించమన్నాడు. పెద్దాయన నవ్వి, బిల్లు కాగితం వెనక లెక్క కట్టాడు. 215 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 65 అంటే ఆ వెడల్పులో నూటికి అరవైఐదు వంతులు పక్కగోడ ఎత్తు. ఆర్ అంటే రేడియల్. 16 అంగుళాలు రిమ్ము. ఈ లెక్కన మా టైరు మొత్తం ఎత్తు 686 మిల్లీమీటర్లు, మావాడు కోరింది 735. నూటికి ఏడు వంతులు పెద్దది. "అప్పుడు మీటరు అరవై చూపిస్తే బండి అరవైనాలుగు మీద పోతుంటుందండి. స్టీరింగు తిప్పినప్పుడు లోపల రాసుకుంటుంది. ఇంజనుకి బరువు. ఏం బాగుంటుంది చెప్పండి?" మా వాడు ఫోను జేబులో పెట్టేశాడు.

తరవాత నా వంతు వచ్చింది. "రెండు చాలు," అన్నాను.

"రెండు చక్రాల బండైతే ఏదోలా సర్దుకోవచ్చండి. ఇది నాలుగూ కలిసి తిరిగే బండి," అని ఆయన మళ్ళీ కాగితం అందుకున్నాడు. కొత్త టైరు గాడి లోతు ఎనిమిది మిల్లీమీటర్లనుకుందాం. నా వెనకటైర్లకు మిగిలింది రెండున్నర. అంటే మధ్య నుంచి అంచుకి అయిదున్నర మిల్లీమీటర్ల తేడా. చుట్టుకొలతలో అది మూడున్నర సెంటీమీటర్లవుతుంది. కిలోమీటరుకి చక్రం సుమారు 464 చుట్లు తిరుగుతుంది. ముందుచక్రాలకీ వెనకచక్రాలకీ కిలోమీటరుకి పదహారు మీటర్ల తగువన్నమాట! నాలుగు చక్రాలూ కలిసినప్పుడు ఆ తగువంతా మధ్యనున్న క్లచ్చి మీద పడుతుంది. అది వేడెక్కి అరుగుతుంది. ఒక ఎద్దు పరుగెత్తి ఒక ఎద్దు నడిస్తే కాడి ఏమవుతుందో అదే.

"మరి స్టెప్నీ?" అన్నాడాయన నెమ్మదిగా.

అర్ధరాత్రి గట్టు మీద పంక్చరైతే పాత టైరు వేసుకుని మళ్ళీ అదే జారుడు. అయిదూ ఒకే రకం ఉంటే వంతులవారీగా మార్చుకుంటూ సమానంగా అరగనివ్వచ్చు. రెండు టైర్లకని వెళ్ళి అయిదు కొన్నాను. యాభైవేల పైచిలుకు. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18కి దిగింది కనక సరిపోయింది గాని, లేకపోతే ఇంకా అయ్యేది. ఫ్రిజ్జు మార్చుదామని మా ఆవిడ దాచిన డబ్బు అది. ఫోన్లో చెబితే ఒక్క క్షణం ఊరుకుని, "మా అమ్మ ఎక్కే బండి, కొనండి," అంది.

ఏ కంపెనీవో రాయను, ఎవరి అవసరం వారిది. మెదక్ వైపు సదాశివపేటలో ఎమ్మారెఫ్ వారు, శ్రీసిటీ దగ్గర చినపాండూరులో 2020 నుంచి అపోలో వారు టైర్లు చేస్తున్నారు. మన నేల మీద తయారయ్యేవీ ఉన్నాయని తెలిస్తే సంతోషమే గదా! కొనేటప్పుడు మాత్రం టైరు పక్కగోడ చదవండి. కొలత పక్కన ఉండే 98 అన్న అంకె బరువుకి గుర్తు. ఒక్కో టైరూ 750 కిలోలు మోస్తుందని అర్థం. పక్కన హెచ్ అని ఉంటే గంటకు 210 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. మనకి అంత వేగం అక్కరలేదు గాని, బండికి కంపెనీ చెప్పిన అంకెకు తగ్గనివ్వకూడదు. ఇంకో నాలుగంకెలుంటాయి. 1025 అని ఉంటే అది 2025వ సంవత్సరం పదోవారంలో పుట్టిందన్నమాట. చవగ్గా ఇస్తామని చాలాకాలం మూలపడి ఉన్న సరుకు చూపిస్తే మొహమాటపడకండి. గాళ్ళ అడుగున చిన్న గట్లుంటాయి. దిమ్మలు అరిగి వాటితో సమానమయ్యాయంటే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే, టైరు చెల్లిపోయినట్టు. మా గట్ల మీద తిరిగేవాళ్ళు మూడు దగ్గరే మార్చుకోవడం మేలని పెద్దాయన సలహా.

టైర్లు బిగించి, బాలెన్సింగూ అలైన్‌మెంటూ చేయించి తిరుగుముఖం పట్టాం. హైవే మీద తుమ్మెద రొదలాంటి చప్పుడు కొత్తగా మొదలైంది. స్టీరింగు కొంచెం బరువెక్కింది. తరవాత చూస్తే లీటరుకి వచ్చే దూరమూ కాస్త తగ్గింది. ఇవన్నీ ముందే చెప్పాడు గనక బాధనిపించలేదు.

కొత్త టైర్ల మొదటి షికారు అంతర్వేది. అత్తయ్యగారు నరసింహస్వామికి మొక్కుకున్నారు. దర్శనమయ్యాక, వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు పొడి ఇసుకదారిలో కొంతదూరం పోయి చూశాం. పెద్దాయన చెప్పినట్టే 32 పౌండ్ల గాలిని ఇరవైకి దించాను. టైరు కాస్త చప్పిడై, ఒంటె పాదంలా వెడల్పుగా ఇసుక మీద పరుచుకుంది. మెల్లగా, బ్రేకు తొక్కకుండా పోతే బండి చక్కగా నడిచింది. తిరిగి తారెక్కబోయే ముందు చిన్న పంపుతో మళ్ళీ గాలి నింపాం. అది మరిచిపోతే టైరు వేడెక్కి పాడవుతుంది. వచ్చేటప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం చేరాం. పంటు దిగే తడిబురద ఏటవాలులో ఇదివరకు చక్రాలు గిర్రున తిరిగేవి. ఈసారి పిల్లిలా ఎక్కేసింది.

అసలు పరీక్ష వానలో, ఆ గట్టు మీదే. తాడిచెట్టు దగ్గరికి రాగానే నా అరచేతులు చెమర్చాయి. మీట నాలుగుచక్రాల మీద పెట్టి, మొదటి గేరులో, కాలు కదలకుండా పోనిచ్చాను. రెండుచోట్ల వెనకభాగం ఊగింది గాని దారి తప్పలేదు. దిగి చూస్తే గాళ్ళనిండా ఒండ్రు మెత్తి, టైర్లు మట్టిముద్దల్లా ఉన్నాయి. ఇంకో కిలోమీటరు అదే జిగట ఉంటే ఇవీ జారేవే! ఇంజను బలం నాలుగు చక్రాలకు అందడం ముందుకు తోయడానికే. ఆపేదీ తిప్పేదీ టైరు నేలను తాకే అరచేతంత చోటు మాత్రమే. ఆ రాత్రి నాకు తెలియనిది అదే.

కొద్దిరోజులకే ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారని కబురు. 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన గోదారిని చూసినవాళ్ళు మా ఊళ్ళో ఇంకా ఉన్నారు. 2022 జూలైలో మూడో హెచ్చరిక దాటింది మేమూ చూశాం. అత్తయ్యగారిని తీసుకొద్దామని బయలుదేరి కాజ్‌వే చేరేసరికి, దాని మీద నీరు అడుగు పైనే పారుతోంది.

"బావగారూ, ఇప్పుడు మన టైర్లు మంచివి కదా! మెల్లగా పోనిద్దామా?" అన్నాడు బావమరిది.

నాకూ ఆశ పుట్టిందని ఒప్పుకుంటాను. కాని అడుగు లోతు పారే నీరు చిన్నకార్లను పక్కకి నెట్టేయగలదు. రెండడుగులైతే చాలా బళ్ళను తేల్చి కొట్టుకుపోగలదు. తేలిన బండికి టైరు మంచిదైతేనేం, పాతదైతేనేం? బండి గట్టు మీదే వదిలి, పడవ కట్టించుకుని వెళ్ళాం. అత్తయ్యగారు మూట సర్దుకుని అరుగు మీద సిద్ధంగా కూర్చున్నారు.

పడవ దిగి బండెక్కుతూ ఆవిడ కొత్త టైరుని చేత్తో తడిమి చూశారు. "ఎంతయ్యాయి అల్లుడుగారూ?" అన్నారు. చెప్పాను. మా వాడు కాజ్‌వే దగ్గర తన ఆలోచనా చెప్పేశాడు.

అత్తయ్యగారు వాడి నెత్తిన చిన్నగా మొట్టారు. "మీ నాన్నగారు ఏటేటా ఎడ్లకి నాడాలు కొట్టించేవారురా. కొట్టించారని గోదాట్లోకి తోలారా ఎప్పుడైనా?"

బండి గట్టెక్కి అమలాపురం వైపు తిరిగింది. తాడిచెట్టు దాటేటప్పుడు అద్దంలోంచి వెనక్కి చూశాను. ఆవిడ హాయిగా నిద్రపోతున్నారు.