గండికోట లోయలో

తమిళనాట తరతరములుగా వేరూనిన తెలుగు కుటుంబములలో గండికోట పేరు పెద్దలనోట నేటికిని వినబడుచునే యుండును. తిరునెల్వేలి సీమలోని కురివికుళము జమీందారులు తాము ఆ దుర్గము నేలిన పెమ్మసాని నాయకుల సంతతివార మని చెప్పుకొనుట ప్రసిద్ధమే. కోట పరహస్తగతమైన పిమ్మట దక్షిణమునకు తరలిపోయిన వారి కథలు బాల్యము నుండి వినుచు వచ్చిన నేను, మా ఊరగు లత్తేరి నుండి కాట్పాడికి పోయి రైలెక్కి, పాకాల, తిరుపతి, రేణిగుంటల మీదుగా కడప దాటి, ముద్దనూరున దిగి, జమ్మలమడుగు త్రోవన గండికోట చేరితిని.

మా పాలారును, ఇచటి పెన్నయు నందిదుర్గపు కొండల సీమనే జన్మస్థానముగా గల నదులు. ఏడాదిలో పెక్కుమాసములు ఇసుకమేటయై పరుండియుండు పాలారును చూచుటకే అలవాటుపడిన కన్నులకు, అదే సీమ నుండి వెడలిన పెన్న ఎర్రమల కొండలను నిలువునా చీల్చుకొని, సుమారు 300 అడుగుల లోతున, ఇరుప్రక్కల ఎర్రని శిలాభిత్తుల నడుమ పారుచుండుట అద్భుతముగా తోచినది. ఆ భిత్తులు ప్రకృతి వలన ఏర్పడినవే యైనను, చదరపు దిమ్మెలను వరుసలు తీర్చి పేర్చినట్లు పగుళ్లువారి యున్నవి. దిగువను మైలవరపు ఆనకట్ట కట్టుటచే లోయలో నీరు నిలిచియున్నది.

కోటగోడల లోపల నేటికిని ఒక పల్లె కలదు. ఆ పల్లెకు చెందిన పెద్దాయన యొకడు మాకు దారి చూపుటకు ముందు నడచెను. లోయ అంచున పలకలు పలకలుగా పడియున్న రాళ్లపై అడుగుపెట్టుటకు ముందు అతడు చేతికర్రతో ప్రతి రాతిని తట్టి, చెవియొగ్గి వినుచుండెను. "అడుగున పట్టుండే బండ పలకదు సామీ. డొల్లగా మోగిందంటే దాని మింద కాలు పెట్టగాకండి" అని చెప్పుచు, మోగిన రాతిని చుట్టి మమ్ము మరియొక వైపుగా తీసికొనిపోయెను. "ఇదంతయు ఎవరు నేర్పినారు పెద్దాయనా?" అని అడిగితిని. "నేర్పేదేముంది సామీ! మా నాయన గొర్రెలు తోలుకొని ఈ సందుల్లోనే తిరిగె. ఆయన ఎనక నేను తిరిగితి" అనెను.

మాధవరాయస్వామి ఆలయగోపురము ఇంకను ఠీవిగా నిలిచియున్నది గాని లోపల అర్చన లేదు. లోయకు చేరువనున్న రంగనాథాలయమునకును అదే గతి. జుమ్మా మసీదు ప్రక్కనే కమాను కప్పుతో కట్టిన ధాన్యాగారమును, దానికి దాపున కత్తుల కోనేరును ఉన్నవి. యుద్ధానంతరము కత్తులు కడుగగా ఆ కోనేటి నీరు ఎర్రబారెనని జనశ్రుతి. ముట్టడి నెలల తరబడి సాగినను కోటలోనివారికి అన్నమును నీరును కొరతపడకుండుటకై చేసికొనిన ఈ ఏర్పాటులను చూచినప్పుడు, ఆ నాయకుల దూరదృష్టి యెట్టిదో బోధపడును.

అయినను 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు ఈ దుర్గము వశమయ్యెను. మా వేలూరు కోట నుండి ఏలిన విజయనగరపు కడపటి రాయడగు మూడవ శ్రీరంగరాయని ప్రభుత్వము సయితము ఆ సంవత్సరములలోనే అడుగంటినది. 1652లో ఇచటికి వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావర్నియే ఒక విషయమును వ్రాసియుంచినాడు. మాయే యను ఫ్రెంచివానిచే ఫిరంగులు పోతపోయించుటకై మీర్ జుమ్లా గుళ్లలోని లోహవిగ్రహములను ప్రోగుచేయించెనట. ఎంత ప్రయత్నించినను గండికోట గుడిలోని పెద్దవిగ్రహములు కరగలేదట. మాయే ఒక్క ఫిరంగినైనను సరిగా పూర్తిచేయలేక పోయెనట. శూన్యమైన ఆ గర్భగృహము ముందు నిలిచి ఈ వృత్తాంతమును తలచుకొనినప్పుడు నా మనస్సు కలగిపోయినది.

ఇచట నాకు మరియొక లోయ తలపునకు వచ్చినది. అమెరికాలోని అరిజోనా ఎడారియందు కాన్యన్ డి షే యను లోయ కలదు. దాని కొండచరియలలోని ప్రాచీన శిలాగృహములు కట్టినవారు నవాహో యను ఆదివాసుల పూర్వులు కారు, వారికంటె ముందు అచట వసించినవారు. ఐనను ఆ నేల నవాహోలదే. 1864లో అమెరికా సైన్యము వారి పీచు తోటలను నరికి, వారిని దూరదేశమునకు తరలించినను, 1868లో వారు మరలివచ్చిరి. 1931లో ప్రభుత్వము ఆ లోయను రక్షితస్థలముగా ప్రకటించిన తరువాత సయితము అందు సేద్యము చేసికొనుచు నిలిచిరి. నవాహో మార్గదర్శి తోడు లేనిదే లోయ అడుగునకు దిగుటకు పరులకు సాధారణముగా అనుజ్ఞ లేదు. గండికోటయందును ఇట్టి నియమమే ఉండవలెనని నా దృఢాభిప్రాయము. కోట నేలిన వంశములు దేశాంతరగతము లైనవి. దానిని విడువక కనిపెట్టుకొని యున్నది ఈ పల్లెవారు. ఏ బండ పలుకునో, ఏ సందు నీటివద్దకు చేర్చునో వారికి తెలిసినట్లు మరెవ్వరికిని తెలియదు. ఆ తెలివికి తగిన వేతనమును గౌరవమును లభించినచో, వారి బిడ్డలు జీవనోపాధికై ఊరు విడిచి పోవలసిన పని యుండదు.

నేనీ మాట పెద్దాయనతో చెప్పుచుండగనే బస్సు నుండి దిగిన కళాశాల విద్యార్థులు కొందరు గుంపుగా లోయ అంచునకు పరుగెత్తిరి. "ఆ బండ మోగుతాది నాయనా, ఇట్ల రాండి!" అని కేక వేయుచు ఆయన వారివైపు నడచెను.