పది కన్నాలకు ఒక గింజ

నెలలో రెండు శుక్రవారాలు రాత్రి బస్సెక్కి కోయిలకుంట్ల పోతుంటే, హైదరాబాద్‌లో మా ఆఫీసు వాళ్లు పెళ్లిచూపులనే అనుకుంటున్నారు. నిజానికి నేను పోయేది మా ఊరి బడిలో ఐదుగురు పిల్లల రోబోటిక్స్ టీముకు మెంటర్‌గా. జీతం లేదు. శనివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ మాత్రం గ్యారంటీ.

2016లో నీతి ఆయోగ్ కింద అటల్ ఇన్నోవేషన్ మిషన్ మొదలయ్యాక చాలా బడులకు టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. ఎంపికైన బడికి 20 లక్షల వరకు గ్రాంటు. మా పిల్లలకు అదేం లేదు. ఒక ఆర్డినో బోర్డు, చక్రాల కిట్టు, ఒక సర్వో మోటారు, తొందరగా నీరసపడే బ్యాటరీలు. వాటితోనే శనగలు విత్తే బండి చేస్తామన్నారు. మాది నల్లరేగడి, శనగ పండే సీమ. ఇంకేం చేస్తారు?

శనగకు మొక్కకూ మొక్కకూ 10 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. కొత్త బ్యాటరీతో గింజలు చక్కగా పడేవి. కాసేపయ్యాక ఒకదాని మీద ఒకటి పడేవి. నాకు కోడ్ చూడగానే అర్థమైంది. సెకనుకో గింజ అని టైముతో రాశారు. బ్యాటరీ తగ్గి చక్రం నిదానిస్తే గింజ మాత్రం ఎందుకు ఆగుతుంది?

చెప్పలేదు. పోటీకి తొమ్మిది రోజులే ఉంది. టీచరొకరు నన్ను పక్కకు పిలిచి, "మీరే రాసేయండి సార్, అందరూ అట్లనే చేస్తాండారు, ప్రైజు వస్తే బడికి పేరు" అన్నారు. ఆయన బాధా నాకు తెలుసు. డీన్ కామెన్ 1989లో స్థాపించిన అమెరికా 'ఫస్ట్' సంస్థ పోటీల్లోనూ పెద్దల చెయ్యి ఎంతవరకు ఉండాలన్నది తెగని తగాదానే. నా వరకైతే మెంటర్ చేతులు జేబుల్లో ఉండాలి. ఇది చాలా కష్టమైన పని. ఆఫీసులో బగ్ సరిచేయడం దీనికంటే సులువు.

టీములో తొమ్మిదో తరగతి పాప వాళ్ల అవ్వ ఒకప్పుడు గొర్రు వెనకాల నడుస్తూ జడ్డిగంలో గింజలు వేసిన మనిషి. మనవరాలికి అన్నం క్యారియర్ తెచ్చి, బండి తిరిగేది చూసి నవ్వింది. "ఎద్దు నిదానిస్తే చెయ్యి నిదానించాల గదమ్మా. మీ బండికి నడక తెలీకుండా గింజేస్తాండాది."

పాప కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "అన్నా, చక్రం ఎంత తిరిగిందో బోర్డుకు ఎట్లా తెలుస్తాది?" అంది.

కిట్టులో ఎవరూ ముట్టని చిన్న బిళ్ల ఉంది, 20 కన్నాలది. దాన్ని చక్రం ఇరుసుకు తగిలించి, పక్కన సెన్సర్ పెడితే ఎన్ని కన్నాలు దాటాయో లెక్కొస్తుంది. ఇంత మాత్రం చెప్పాను. మిగతాది వాళ్లే చేశారు. చక్రం అడ్డుకొలత 65 మిల్లీమీటర్లు, అంటే ఒక చుట్టుకు 20 సెంటీమీటర్ల పైచిలుకు. పది కన్నాలకు ఒక గింజ! బోర్డు మీద సుద్దముక్కతో లెక్కేసిన పిల్లోడు ఎగిరి గంతేశాడు.

ప్రైజు రాలేదు. ఎగిరే డ్రోన్‌కు వచ్చింది. దాన్ని ఎవరు చేశారో నేను అడగలేదు. కానీ జడ్జి "గింజలు సమానంగా ఎలా పడుతున్నాయి?" అంటే మా పాప బ్యాటరీతో మొదలుపెట్టి అవ్వ దాకా చెప్పింది. ఆయన ఇంకో రెండు ప్రశ్నలు వేశాడు. వాటికీ జవాబు చెప్పింది.

ఊరికొచ్చాక అవ్వ అడిగింది, ఇది ఎకరా ఎంతసేపట్లో విత్తుతాదని. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు, బండి వేగం సెకనుకు 10 సెంటీమీటర్లు. పిల్లలు లెక్కేసి 37 గంటలకు పైనే అన్నారు.

"అంతసేపటికి పదును ఆరిపోతాది నాయనా" అంది అవ్వ.

ఇప్పుడు ఒకే జడ్డిగానికి మూడు గొట్టాలు పెట్టే పనిలో ఉన్నారు.