ఎఫ్రాయిము ఎవరి కొడుకు?

మా పల్లెల్లో డిసెంబరు అంటే యెషయా నెల. చెనక్కాయ పీకడం అప్పటికి అయిపోయి ఉంటుంది. కాయ పట్టిన ఏడు పిల్లలకు కొత్తబట్టలు, వట్టి కట్టె మిగిలిన ఏడు ఉన్నవే ఉతుక్కుని తొడుక్కోవడం. ఏ ఏడైనా మైకులో ప్రసంగం మాత్రం ఒకటే. కన్యక గర్భవతి అవుతుందని యెషయా చెప్పలేదా? ఐగుప్తు నుంచి కుమారుణ్ణి పిలిచానని హోషేయ చెప్పలేదా? రాహేలు ఏడుపు సంగతి యిర్మీయా చెప్పలేదా? వందల ఏళ్ళ ముందే చెప్పినవన్నీ నెరవేరాయి. చివరగా ఒక దెబ్బ: "అయినా ఆ యూదులు కండ్లుండీ చూడల్యా!" పేటంతా "ఆమెన్" అంటుంది.

మొన్న డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒకామె క్లాసయ్యాక అడిగింది. "మేడం, అది వాళ్ళ పుస్తకమే కదా. వాళ్ళ భాషే కదా. వాళ్ళకెందుకు అర్థం కాలేదంటారు?" నడవాలో నిలబడి చెప్పే జవాబు కాదది. అందుకే ఈ వారం భాగం మొత్తం ఆ ప్రశ్నకే.

ముందు ఆ కన్యక దగ్గరికే పోదాం. యెషయా 7వ అధ్యాయం మొదటినుంచి చదవండి. క్రీ.పూ. 8వ శతాబ్దం. యెరూషలేములో ఆహాజు అనే రాజు వణికిపోతున్నాడు. సిరియా రాజు రెజీను, ఉత్తరాన ఉన్న ఇశ్రాయేలు రాజు పెకహు ఇద్దరూ కలిసి మీదికొస్తున్నారు. ప్రవక్త ఆహాజుకు ధైర్యం చెప్పి ఒక గుర్తు ఇస్తాడు. ఒక స్త్రీకి కొడుకు పుడతాడు, వాడికి మంచీచెడూ తెలిసే వయసు రాకముందే ఈ ఇద్దరి దేశాలూ పాడుబడతాయి. ఇదీ సందర్భం. ఇక్కడే యూదులు అడుగుతారు: ఊరి బయట సైన్యం నిలబడి ఉంటే, 700 ఏళ్ళ తర్వాత పుట్టే బిడ్డ ఆహాజుకు గుర్తు ఎట్లవుతాడు?

రెండో ప్రశ్న మాట గురించి. హీబ్రూలో అక్కడున్నది అల్మా. పెళ్ళీడు పిల్ల, పడుచు స్త్రీ అని అర్థం. క్రీస్తుకు ముందే యూదులు తమ గ్రంథాన్ని గ్రీకులోకి మార్చుకున్నారు. అందులో ఆ చోట పార్థెనోస్ అని పడింది. మగవాణ్ణి ఎరగనిది అనే అర్థం ఆ మాటకు బలంగా ఉంది. మత్తయి సువార్త గ్రీకులో ఉంది, అది ఎత్తుకున్నది ఆ గ్రీకు మాటనే. మన తెలుగులో కన్యక అయింది. తెలుగు పాఠం చెప్పేదాన్ని కాబట్టి ఇంకొక్క మాట. మన కన్యలోనే ఈ రెండు అర్థాలూ ఉన్నాయి. కన్యాదానం, కన్యాశుల్కం అన్నప్పుడు మనం పెళ్ళికాని పిల్ల అనే అనుకుంటాం. చర్చిలో అదే మాట వింటే ఇంకో అర్థం ముందుకొస్తుంది. పదం మారలేదు, వినే చోటు మారింది.

ఈ తగువు నిన్నటిది కాదు. 2వ శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ పండితుడు ట్రైఫో అనే యూదుడితో జరిగిన వాదంగా ఒక గ్రంథం రాశాడు. అందులో ట్రైఫో ఇదే అంటాడు: అది పడుచు స్త్రీ అనే మాట, ఆ బిడ్డ ఆహాజు కొడుకు హిజ్కియా. అయితే గమనించండి, ట్రైఫో ఏమన్నాడో మనకు తెలిసేది జస్టిన్ కలం గుండానే. వాదంలో రెండోవాడి నోరు మొదటివాడి చేతిలో ఉంది. మన గురించి ఎవరెవరు రాశారో తెలిసిన మనకు ఇది కొత్త సంగతి కాదు.

ఇప్పుడు మైకులో వినపడని ఒక పేరు చెప్తాను. ఎఫ్రాయిము. యోసేపు కొడుకు, రాహేలుకు మనవడు. అంటే రాహేలు అతనికి జేజి. అతని గోత్రం పేరే ఉత్తర రాజ్యం మొత్తానికీ పేరయింది. యెషయా 7లో ఆహాజు మీదికొస్తున్న ఇద్దరిలో ఒకరు ఈ ఎఫ్రాయిమే. ఎఫ్రాయిము జనంగా మిగలకుండా పోతుందని అదే అధ్యాయం చెప్తుంది. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సైన్యం ఆ రాజ్యాన్ని కూల్చి జనాన్ని చెరపట్టుకుపోయింది. పోయిన పది గోత్రాలు అనేది వీళ్ళనే.

హోషేయ 11 తీయండి. ఐగుప్తు నుంచి పిలిచిన కుమారుడు అక్కడ ఇశ్రాయేలు జనం. రెండు వచనాలు దాటితే దేవుడు ఎఫ్రాయిముకు చెయ్యిపట్టి నడక నేర్పిన సంగతి వస్తుంది. యిర్మీయా 31 తీయండి. రాహేలు ఏడ్చేది చెరకు పోయిన తన పిల్లల కోసం. అదే అధ్యాయంలో దేవుడు ఎఫ్రాయిమును ముద్దు బిడ్డగా తలుచుకుని కడుపు కదిలిపోతాడు. మత్తయి మొదటి రెండు అధ్యాయాల్లో ప్రవచనం నెరవేరిందని చూపిన చోట్లలో మూడింటి వెనక ఎఫ్రాయిము నిలబడి ఉన్నాడు. చెదిరిపోయిన ఒక జనం దుఃఖం అది. మన క్రిస్మస్ ప్రసంగంలో ఆ జనం ఉండరు.

అట్లని మత్తయి మోసం చేశాడనడం తేలిక, కానీ తప్పు. మత్తయి కూడా యూదుల చదువులోంచే వచ్చినవాడు. పాత ప్రవచనాన్ని తమ కాలానికి తెచ్చి చదవడం ఆనాటి యూదుల్లో ఉన్న పద్ధతే. 1947 నుంచి మృతసముద్రం పక్క గుహల్లో దొరికిన చుట్టల్లో హబక్కూకు మీద వ్యాఖ్య ఒకటి ఉంది. రాసినవాళ్ళు ఆ ప్రవచనాన్ని తమ గురువు గురించీ, అతని శత్రువుల గురించీ చెప్పినట్టే చదువుకున్నారు.

సీమవాళ్ళకు ఇది విప్పి చెప్పే పని లేదు. ఉగాదినాడు పంచాంగం ముందు కూచుని ఈ ఏడు ఎన్ని తూముల వాన అని అడిగే నేల మనది. పక్క జిల్లా కందిమల్లాయపల్లె వీరబ్రహ్మం కాలజ్ఞానాన్ని మన పెద్దోళ్ళు ఎట్లా చదువుతారో చూడండి. ఇందిరాగాంధీ గద్దెనెక్కినాక, అది స్వామి ముందే చెప్పినాడన్నారు. సినిమావాళ్ళు రాజ్యానికొస్తే అదీ చెప్పినాడన్నారు. 2020లో కరోనా వస్తే అదీ కాలజ్ఞానంలో ఉందని ఫోన్లన్నీ తిరిగింది. సంగతి జరిగినాక మాట దొరుకుతుంది. దొరికినాక ఆ మాట ఎప్పుడూ దాని కోసమే ఉన్నట్టు కనపడుతుంది. దీన్ని నేను ఎగతాళికి చెప్పడం లేదు. కష్టంలో ఉన్నవాడు పాత మాటలో తనను వెతుక్కుంటాడు.

జాషువా చేసిందీ ఒక రకంగా అదే. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురంపాడు. జాషువా 1941లో ఆ రాయబారాన్ని గబ్బిలానికిచ్చి, పంపేవాడిగా అరుంధతీసుతుణ్ణి నిలబెట్టాడు. పాత కావ్యం మన బాధను మోసింది. అయితే కాళిదాసు నిజానికి మా కోసమే రాశాడు, యక్షుడి విరహం అనుకునేవాళ్ళంతా గుడ్డివాళ్ళు అని జాషువా అనలేదు. అనాల్సిన పనీ లేదు. రెండూ బతికాయి.

ఇక ఎఫ్రాయిము మన దగ్గరికే వచ్చిన కథ. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం. అక్కడ కొన్ని పదుల మాదిగ కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిమ్, అంటే ఎఫ్రాయిము పిల్లలం అని చెప్పుకుంటాయి. ముందు వీళ్ళు బాప్టిస్టు క్రైస్తవులు. కోస్తా మాదిగలు ఆ సంఘంలోకి వచ్చిన తోవలో పెద్ద మలుపు మనల్నీ తిన్న 1876-78 కరువే. 1878 జులైలో ఒంగోలు మిషను క్లౌ దొర చేతి కింద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తర్వాత వందేళ్ళు దాటాక షమూయేలు యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ముల నాయకత్వంలో కొత్తరెడ్డిపాలెం వాళ్ళు సిలువ దింపి, 1991లో సినగాగు పెట్టుకున్నారు. యేసు మెస్సీయ కాడన్నారు. మాదిగలు గొడ్డు మాంసం తినడం, చచ్చినవాళ్ళను పూడ్చడం తమ ఇశ్రాయేలు మూలానికి గుర్తులన్నారు. ఊరు ఏ పనులు చూసి అంటరానివాళ్ళన్నదో, ఆ పనులనే వంశానికి రుజువుగా తిప్పి చూపారు. యులియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో వీళ్ళ మీద పుస్తకం తెచ్చారు.

వాళ్ళ వంశం చరిత్రకు నిలుస్తుందా? రుజువు లేదు. మిజోరం, మణిపూర్ బ్నె మెనాషేలను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ఒప్పుకున్నట్టు వీళ్ళను ఒప్పుకోలేదు. ఇక్కడ చట్టమూ వాళ్ళకు సాయం రాదు. 1950 ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవుడైన మాదిగకు లేనట్టే యూదుడైన మాదిగకూ లేదు. ఇంత పోగొట్టుకుని కూడా వాళ్ళు ఒక పని చేశారు. మిషను చేతికిచ్చిన పుస్తకాన్ని, మిషను చెప్పిన అర్థంతో కాకుండా తమంతట తాము చదివారు. చదివి, పోయిన కొడుకు పేరులో తమను చూసుకున్నారు. మత్తయి చేసిన పనికీ దీనికీ పద్ధతిలో తేడా ఎంత? మత్తయిని నమ్మి వీళ్ళను చూసి నవ్వే పాస్టర్లు దీనికి జవాబు చెప్పాలి.

తేడా అంతా బలంలో ఉంది. యెషయా 53నే చూడండి. మనుషులు మొహం తిప్పుకునే, తృణీకరించిన ఆ సేవకుడు ఎవరు? క్రైస్తవులకు యేసు. 11వ శతాబ్దపు రాషీకి దెబ్బలు తిన్న ఇశ్రాయేలు జనం. ఆ అధ్యాయాన్ని మెస్సీయకే అన్వయించిన పాత యూదు చదువులూ ఉన్నాయి. అంటే వాళ్ళలోనూ ఒక్క గొంతు లేదు. 1263లో బార్సిలోనాలో రాజు ముందు ఈ సంగతులన్నీ వాదానికి వచ్చాయి. యూదుల తరఫున నహ్మనీదెస్ ధైర్యంగా నిలబడ్డాడు. తర్వాత తన వాదాన్ని రాసి పెట్టినందుకు దైవదూషణ కేసు మోపారు. ముసలితనంలో దేశం వదిలి పాలస్తీనా పోయాడు. ప్రవచనం యేసుదా కాదా అన్న ప్రశ్న, మెజారిటీ చేతిలో పడ్డాక, నువ్వు ఈ దేశంలో ఉండొచ్చా లేదా అన్న ప్రశ్న అయిపోయింది.

నేను పీహెచ్‌డీ చేసేటప్పుడు ఒక సెమినార్లో జాంబపురాణం మీద పేపరు చదివాను. భూమికన్నా ముందు పుట్టిన జాంబవుడు మాదిగలకు మూలపురుషుడని చెప్పే కథ. చిందువాళ్ళు, డక్కలివాళ్ళు నిలబెట్టిన కథ. ఒక పెద్ద పండితుడు లేచి, "మీ కథ మీకే తెలియదమ్మా. కామధేనువును తిని పతితులయ్యామని మీవాళ్ళే ఒప్పుకున్నారు, అదీ దాని అర్థం" అన్నాడు. సభలో నవ్వులు. మా పేటలో రాత్రంతా మేలుకుని ఆ కథ విన్నవాళ్ళెవరూ దాన్ని నేరం ఒప్పుకోలుగా వినలేదు. అక్కడ అది మేమే ముందు పుట్టినోళ్ళం అనే మాట.

"కండ్లుండీ చూడల్యా" అని మైకులో విన్నప్పుడల్లా నాకు ఆ పండితుడి గొంతే వినపడుతుంది. తన పుస్తకాన్ని తనే చదువుకోలేనివాడని ఒక జనాన్ని అనడం ఎట్లాంటి పనో మనకు తెలుసు. ఈమధ్య మన ప్రార్థన కూటాల్లో ఇజ్రాయెల్ జెండాలు కనపడుతున్నాయి. ఒక రాజ్యం జెండా పట్టుకుంటాం, యూదుడి చదువును మాత్రం గుడ్డితనం అంటాం. ఆ రాజ్యం చేసేదాన్ని ప్రశ్నించడానికి ఎవరూ యూదుల్ని తక్కువ చెయ్యనక్కర్లేదు. యూదుల్ని గౌరవించడానికి ఆ జెండా పట్టుకోనూ అక్కర్లేదు.

క్లాసులో అడిగిన అమ్మాయికి నా జవాబు ఇది. వాళ్ళకు అర్థం కాక కాదు. వాళ్ళకు వేరే అర్థమైంది, అది మొదటి అర్థం కూడా. మనవాళ్ళకు ఆ మాటల్లో యేసు వినపడ్డాడు. ఊరి బయట ఉంచిన మనిషికి, ఊరి బయట సిలువెక్కిన దేవుడు వినపడటంలో ఆశ్చర్యమేముంది? దాన్ని వదులుకోమని నేను చెప్పడం లేదు.

వచ్చే డిసెంబరులో మీలో మైకు పట్టుకునే పిల్లలుంటారు. యూత్ మీటింగుల్లో వాక్యం చెప్పేవాళ్ళుంటారు. చెప్పేముందు ఆ అధ్యాయం మొత్తం చదవండి. ఆహాజును చెప్పండి, ఎఫ్రాయిమును చెప్పండి, చెరకు పోయిన పిల్లల్ని చెప్పండి. తర్వాత "మాకు ఇందులో యేసు కనపడ్డాడు" అనండి. "వాళ్ళకు కనపడలేదు" అని మాత్రం అనకండి.

జై భీమ్.